పడవలో కరెంటు పోయింది

మోటర్ల విషయంలో నాకు ఓపిక తక్కువ. గద్వాలలో నాకు వైండింగ్ షాపు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి నా ముందు దించేవాళ్లు. మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇవ్వడం నా పని. ఆ పనిలో కష్టమేమీ లేదు. కష్టమంతా మోటరు వెంట వచ్చే మనిషితోనే. తన తప్పు వల్ల మోటరు కాలిందని ఒప్పుకున్న రైతును నేను ఇంతవరకు చూడలేదు. వోల్టేజీ తప్పు, ఎలుక తప్పు, పక్క చేను వాడి దిష్టి తప్పు. పోయినసారి తీగ చుట్టింది నేనే అయితే ఇక చెప్పనక్కర్లేదు, అన్నీ నా తప్పులే.

అలాంటి షాపులోకి ఒకరోజు మా మామ వచ్చి, ముందున్న బెంచీ మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, "అల్లుడా, బోరు మోటరు పడవకు కడితె నడుస్తదా?" అని అడిగాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ధరూర్ వైపు, కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. కింద డ్యాం కట్టాక నీళ్లు వాళ్ల చేల దాకా వచ్చి నిలబడిపోయాయి. సరిగ్గా అటు ఒడ్డున మా అత్త పుట్టిల్లు. ఇటు నిలబడితే అటు ఊరి వాటర్ ట్యాంకు కనిపిస్తుంది. ఎండ బాగా ఉన్న రోజు తమ ఇంటి మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తాయని అత్త అనేది. ఆ మాట మాత్రం నేను నమ్మను. ఏం కనిపించినా, పోవాలంటే ఆటోలో గద్వాలకు రావాలి, బస్సులో డ్యాం మీదుగా ఆత్మకూరు పోవాలి, అక్కడ మళ్లీ ఇంకో ఆటో ఎక్కాలి. అప్పట్లో రెండు ఒడ్లూ ఒకటే జిల్లా. ఇప్పుడు అటు ఒడ్డు వనపర్తి జిల్లా అయింది. దూరం మాత్రం అంతే ఉంది.

అత్తకు డీజిల్ వాసన పడదు. బస్సు కదలనక్కర్లేదు, డ్రైవరు ఎక్కి కూర్చోవడం చూస్తేనే ఆమెకు కడుపులో తిప్పుతుంది. పుట్టింటికి పోయిన రోజు మంచం మీద పడుకోవడానికి సరిపోతుంది. మర్నాడు కాస్త కోలుకుని నాలుగు మాటలు మాట్లాడుతుంది. ఆ తర్వాత తిరుగు బస్సు తలుచుకుని మళ్లీ పడుకుంటుంది. అందుకే ఆమె పుట్టింటికి పోవడమే తగ్గించుకుంది. సాయంత్రం ఒడ్డుకు వచ్చి ఆ ట్యాంకు చూసి పోయేది.

ఇది చూడలేక మామ పడవ కొన్నాడు. మా వైపు అందరూ పుట్టి అనే బుట్ట పడవలోనే ఏరు దాటుతారు. పుట్టి గుండ్రంగా ఉండి గిరగిర తిరుగుతుంది కాబట్టి అందులో అత్తకు డీజిల్ లేకుండానే వాంతి అవుతుంది. అందుకని నాగర్‌కర్నూల్ అవతల సోమశిల దాకా పోయి, అక్కడ చేపలు పట్టేవాళ్ల దగ్గర తెరచాప ఉన్న చెక్క పడవ కొని, ట్రాక్టరు ట్రాలీ మీద ఊరికి తెచ్చాడు. దారి పొడవునా జనం అడిగారట, ఇంత పెద్ద సామాను తెస్తున్నావు, ఇంట్లో పెళ్లా అని. తెరచాప పాతదై చిరిగిపోతే యూరియా సంచులు కత్తిరించి తనే కొత్తది కుట్టాడు. గాలికి అది ఉబ్బితే దాని మీద పై నుంచి కిందిదాకా సంచుల మీది అచ్చు "కొక్కెములు వాడరాదు" అని కనిపించేది, కొన్నిచోట్ల తలకిందులుగా.

గడ్డి మోపులకూ పల్లికాయ బస్తాలకూ తెచ్చానని ఊళ్లో చెప్పుకునేవాడు. ఎవరి కోసం తెచ్చాడో ఊరంతటికీ తెలుసు, అత్తకు మరీ బాగా తెలుసు. కానీ ఆమె ఆ పడవలో కాలు పెట్టలేదు. కారణం మేక. పడవ వచ్చిన కొత్తలో మామ అటు ఊరికి పోయి, పండుగ కోసం బామ్మర్దినీ ఒక మేకనూ ఎక్కించుకుని బయలుదేరాడు. నడిమధ్యకు వచ్చాక గాలి ఆగిపోయింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు. మేక తెరచాప తాడు నమిలేసింది. అత్త ఒడ్డున నిలబడి అంతా చూసింది.

"బస్సు ఆగితె దిగి నడుస్త. గిది ఆగితె ఏడికి దిగాలె?" అని అప్పుడే తేల్చి చెప్పింది.

అందుకే మామ నా షాపుకు వచ్చాడు. గాలి ఉన్నప్పుడు తెరచాప, లేనప్పుడు మోటరు. డీజిల్ ఇంజను పెడితే ఒక్క రోజులో అయిపోయే పని. కానీ దానికి ఆ వాసన ఉంటుంది కాబట్టి, అది పెట్టాక అత్త తప్ప ఊళ్లో అందరూ ఎక్కుతారు. కరెంటు మోటరే కావాలి.

"బోరు మోటరు నీళ్లల్లనే బతుకుతది గద," అన్నాడు మామ. "కొత్తగ దానికి అలవాటు చేసే పని లేదు."

నిజమే. కానీ దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి. అది ఏట్లో ఎక్కడ దొరుకుతుందని అడిగాను. బెంచీ మీద నలుగురు రైతులు తమ మోటర్ల కోసం కూర్చుని ఉన్నారు. ఎవరి మోటరు గురించి వాళ్లు అడగడం మానేసి అందరూ పడవలోకి దిగారు. ఒడ్డు మీది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వైరు కట్టుకుని, పడవ పోతుంటే చుట్ట విప్పుకుంటూ పోతే సరి అన్నాడొకడు. ఎలాగూ కరెంటు ఉచితమే కదా అన్నాడు ఇంకొకడు. వైరు నీళ్లలో పడితే ఏరంతా షాక్ కొడుతుందని మూడో ఆయన అభ్యంతరం చెప్పాడు. అయితే చేపలు పట్టే పని కూడా తప్పుతుందని మొదటాయన సంతోషించాడు. నాకు ఒళ్లు మండింది. అందరినీ బయటికి పొమ్మన్నాను. ఎవరూ కదల్లేదు.

ఆ తర్వాత మామ వారంలో చాలాసార్లు వచ్చేవాడు. కూలర్ మోటరు, పిండి గిర్నీ మోటరు, లారీ స్టార్టరు మోటరు, ఏది కనిపిస్తే దాన్ని పాత రాగి తూచే నా కాంటా మీద పెట్టేవాడు. పడవ ఎంత మోస్తుందో ఆయనకు పల్లికాయ బస్తాల లెక్కలో తెలుసు. మోటరు ఇంత, బ్యాటరీలు ఇంత, తను ఇంత అని లెక్కవేసి, ఒకరోజు బెంచీ మీద అందరి ముందూ, "మీ అత్త బస్తకు తక్కువుండదు, రెండు బస్తలకు ఎక్కువుండదు," అన్నాడు. ఆ మాట ఆయన కన్నా ముందు ఊరు చేరింది. కొన్ని రోజులు అత్త ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

చివరికి దొరికింది కరెంటు స్కూటరు. అవి అప్పుడప్పుడే వస్తున్నాయి. గద్వాలలో ఒక బట్టల దుకాణం ఆయన మోజుపడి కొన్నాడు. భార్యను ఎక్కించుకుంటే ఎత్తు ఎక్కడం లేదని, ఎక్కని చోటల్లా ఆమెను దించి నడిపించాల్సి వస్తోందని, ఇంట్లో గొడవలై అమ్మేశాడు. దాని మోటరు వెనక చక్రంలోనే ఉంటుంది. శబ్దం లేదు, పొగ లేదు, వాసన లేదు. చక్రానికి నూనె డబ్బా రేకులు కత్తిరించి రెక్కల్లా బిగించాను. వెల్డింగు షాపులో ఇనుప చట్రం చేయించి దాన్ని పడవ వెనక కట్టాం. చక్రం సగం నీళ్లలో, సగం పైన. రేకులు నీళ్లను తోస్తే పడవ ముందుకు పోతుంది. నేను చేసిన పనుల్లో నాకు నచ్చినవి తక్కువ, ఇది నచ్చింది.

స్కూటరు హ్యాండిల్ అవసరం లేదని ఎంత చెప్పినా మామ వినలేదు. హారనుతో, ఇండికేటర్లతో సహా దాన్ని బిగించాల్సిందే అన్నాడు. ఏట్లో బర్రెలు అడ్డం వస్తాయట. తర్వాత యాక్సిలరేటరును చివరిదాకా తిప్పి, సైకిలు ట్యూబు ముక్కతో అలాగే కట్టేశాడు.

"అట్ల కట్టకు. ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు," అన్నాను.

"మోటరంటె ఆన్, లేకుంటె ఆఫ్. నడుమ ఏముంటది అల్లుడా?" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. "ఆటో" కూడా పెట్టమన్నాడు. ఆటో అంటే ఏమిటో చెప్పాలి. మా వైపు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి బోరు దగ్గర ప్రతి స్టార్టరుకూ ఒక చిన్న డబ్బా తగిలిస్తారు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే మొదలవుతుంది. ఇక స్విచ్ ఆపే పని ఎవరికీ ఉండదు. ఆపితే మళ్లీ వేయడానికి చేను దాకా ఎవరు పోతారు? పుట్టి బుద్ధెరిగాక స్విచ్ ఆపని రైతులు మా వైపు ఎందరో ఉన్నారు.

"బ్యాటరీ కరెంటు పోదు మామా. ఆటో ఎందుకు?" అన్నాను.

"కరెంటన్నంక పోకుంట ఉంటదా?" అన్నాడు.

నేను పెట్టలేదు. ఉత్త తాళంచెవి స్విచ్ ఉంచాను.

మొదటిసారి నడిపిన రోజు నేనూ పోయాను. మోటరుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొత్త బండికి పెట్టినట్టు చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. చక్రం కింద నేల లేదు కాబట్టి నిమ్మకాయ తేలుతూ వెళ్లిపోయింది. తాళంచెవి తిప్పగానే రేకులు టపటపమని నీళ్లు కొట్టాయి, పడవ బర్రె ఈదే వేగంతో ముందుకు పోయింది. ఒక చుట్టు తిరిగి వచ్చాం. మామ మొహం వెలిగిపోతోంది. అత్త ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మంచిగున్నది," అంది. "వాసన గూడ లేదు."

"మరి ఎక్కుతవా?" అన్నాడు మామ.

"నేనెక్క. ఆగదని ఏం నమ్మకం?"

మామ మొహం ఎంత వెలిగిందో అంత ఆరిపోయింది. నాకు అత్త మీద కోపం వచ్చింది. అన్ని రోజులు ఆయన మోటర్లు మోసుకు తిరిగింది ఆమెను ఒక్కసారి ఆ ఒడ్డుకు తీసుకుపోవడానికే. ఒక్క పూట కూర్చుంటే ఏం పోయిందని తిరిగి వస్తూ దారంతా గొణుక్కున్నాను.

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోను వచ్చింది.

"అల్లుడా, కరెంటు పోయింది," అన్నాడు మామ.

"ఏడ? ఇంట్లనా, బోరు కాడనా?"

"పడవల."

చేతిలోని తీగ చుట్ట పక్కన పెట్టాను.

"పొద్దుగాల పోయింది," అన్నాడు. "నడుమల ఉన్నప్పుడు. మస్తుసేపు చూసిన, రాలె. ఇంక తెరచాప ఎత్తుకొని ఒడ్డుకొచ్చిన. ఊర్ల అడిగిన, ఊర్ల ఉన్నదంట."

బ్యాటరీ క్లిప్పు ఊడి ఉంటుందని నాకు వెంటనే అర్థమైంది. "స్విచ్ ఆపినవా?" అని అడిగాను.

"ఎందుకాపుత? ఆపితె కరెంటొచ్చింది ఎట్ల తెలుస్తది?"

ఫోనులో అరిచి లాభం లేదని షాపు మూసి బండి మీద బయలుదేరాను. మామ ఊళ్లో చాయ్ హోటలు దగ్గర నా కోసం కూర్చుని ఉన్నాడు. ఇద్దరం కలిసి ఒడ్డుకు దిగాం. పడవ కట్టిన తుమ్మ మోడు ఉంది. మోడుకు తెగిన పాత తాడు ముక్క ఉంది. పడవ లేదు.

తల ఎత్తి చూస్తే ఏటి నడిమధ్యలో టపటపమని నీళ్లు చిమ్ముకుంటూ పడవ అటు ఒడ్డుకు పోతోంది. అందులో అత్త కూర్చుని ఉంది. నిటారుగా, ఒళ్లో సద్ది గిన్నె పట్టుకుని. కుడి ఇండికేటరు వెలిగి ఆరుతోంది. ఆగకుండా హారను మోగుతోంది.

జరిగింది ఇది. అత్త మామకు సద్ది తెచ్చింది. ఆయన లేడు, ఎండ మండుతోంది, నీడంటూ ఉంటే తెరచాప కిందే ఉంది. పడవ కట్టేసి ఉంది కదా, ఎవరూ చూడడం లేదు కదా అని ఎక్కి కూర్చుంది. ట్రాక్టరును ఇంటి ముందు తిప్పి నిలిపినట్టు మామ పడవ ముక్కును అటు ఒడ్డు వైపు తిప్పి, వెనక తెడ్డును తిన్నగా కట్టి పోయాడు. పక్కన బ్యాటరీ మీద నుంచి ఒక వైరు ఊడి వేలాడుతోంది. ఏదైనా దాని చోట అది లేకపోతే అత్త చూస్తూ ఊరుకోలేదు. తీసి క్లిప్పు తగిలించింది. కరెంటు వచ్చింది. మామ కోరుకున్న ఆటో అదే.

మామ నీళ్లలోకి ఛాతీ దాకా దిగిపోయాడు. "తాళంచెవి తిప్పు, తాళంచెవి," అని గొంతు చించుకున్నాడు. ఆ హారనులో ఆయన మాట ఎక్కడ వినబడుతుంది. ఆయన నా వైపు తిరిగి, "దానికి ఈత రాదల్లుడా," అన్నాడు. అప్పటిదాకా నాకు నవ్వు వస్తోంది. ఆ మాట వినగానే పుట్టి కోసం ఒడ్డు వెంట పరుగెత్తాను. ఒక్కటీ లేదు, అన్నీ ఏట్లో పైకెక్కడో ఉన్నాయి. ఇద్దరం నిలబడి చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాం. హారను సన్నగిల్లుతూ పోయింది. పడవ చిన్నదైంది. చివరికి అటు ఒడ్డు బురదలోకి ఎక్కి ఆగింది. ఎర్ర చీర లేచి నిలబడింది, గిన్నె నెత్తిన పెట్టుకుంది, ట్యాంకు వైపు నడుచుకుంటూ పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మామ ఒడ్డున కూలబడ్డాడు.

"చేరింది," అన్నాడు. ట్యాంకు వైపు చూస్తూ, "నేను లేకుంటనే పోయింది," అన్నాడు.

తడి బట్టలతోనే ఆయన్ను బండి ఎక్కించుకుని గద్వాల మీదుగా, డ్యాం దాటి, ఆత్మకూరు మీదుగా ఆ ఊరికి తీసుకుపోయాను. డ్యాం మీద ఆయన నీళ్లు చూస్తూ, "గట్టిగ పట్టుకొని కూసున్నదంటవా?" అని అడిగాడు.

పొద్దుగూకే వేళకు చేరేసరికి అత్త పుట్టింటి అరుగు మీద ఉంది. వాడకట్టు అంతా చుట్టూ కూర్చుని వింటోంది. ఆమె మొహంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు.

"వాంతి కాలె," అంది మమ్మల్ని చూడగానే. "మీరెట్లొచ్చిన్రు?"

"బండి మీద. డ్యాం తిరిగొచ్చినం," అన్నాను.

"అంత దూరం ఎవరు తిరుగుతరు?" అంది. హేళనకు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. తర్వాత లోపలికి పోయి సద్ది గిన్నె తెచ్చి మామ ముందు పెట్టింది. ఏరంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే దాటింది, మూత కూడా తీయలేదు. "పొద్దుటి సంది తినలె గద. తిను," అంది. మామ అందరి ముందూ కూర్చుని ఆ చల్లారిన జొన్నరొట్టె ముక్కా మిగల్చకుండా తిన్నాడు.

మర్నాడు పొద్దున ముగ్గురం ఒడ్డుకు వచ్చాం. బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోయాయి. మామ నేల చూపులు చూస్తూ, "మోటరు నడువదు. నేను తెరచాప మీద పోత. నువ్వు అల్లుని బండి మీద పో," అన్నాడు అత్తతో.

అత్త నా బండి వైపు చూసి ముక్కు మూసుకుంది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పడవ ఎక్కి కూర్చుంది.

మామ నమ్మలేకపోయాడు. "గాలి ఆగుతదేమో," అని ఆయనే గుర్తుచేశాడు.

"ఆగనీ. నిన్న అన్నీ ఒత్తి చూసిన, ఆగలె. ఆగకుంట పోతె ఎంత భయమైతదో నీకేం తెలుసు? ఆగేదైతె భయమేంది? ఆగితె కూసుందాం. సద్ది కట్టుకున్న," అంది అత్త.

ఆ రోజు గాలి ఆగిందో లేదో నాకు తెలియదు, నేను బండి మీద వచ్చేశాను. మామ ఆ బ్యాటరీలను నా షాపులో పడేసి పోయాడు. చార్జి చేసి, క్లిప్పు ఊడకుండా బిగించి, ఈసారి అడక్కుండానే పెద్ద ఎర్ర స్విచ్ ఒకటి పెట్టాను. తీసుకుపొమ్మని కబురు పంపాను. రాలేదు. మళ్లీ పంపాను. అంత మంచి పని చేసి పెట్టినదాన్ని దుమ్ము పట్టనిస్తున్నాడని నాకు చిరాకు వేసి, ఒకరోజు ఫోను చేశాను.

"బ్యాటరీలు ఎప్పుడు తీస్కపోతవ్ మామా?"

"జర ఆగు అల్లుడా. ఏం తొందరున్నది?" అన్నాడు తీరిగ్గా.

"ఏడున్నవ్ ఇప్పుడు?"

"నడుమలున్నం. గాలి బందయింది."

ఎంతసేపయిందని అడగబోయాను. ఆయన వెనక నుంచి, నీళ్ల మీద తేలి వచ్చినంత స్పష్టంగా, అత్త గొంతు వినబడింది.

"ఫోను పెట్టెయ్యి. పల్లీలన్నీ నేనే తింటున్న."